పాతబండియు మితవ్యయధర్మమును

మితవ్యయము సద్గుణమని యొప్పుకొననివారు లేరు. కాని యేది మితవ్యయమో యేది దుర్వ్యయమో నిర్ణయింపవలసి వచ్చినప్పుడు, మనలో పలువురు వస్తువును జూచి తీర్పు చెప్పుదురే గాని దానిని వాడువారి నడవడిని జూచి చెప్పరు. పట్టుచీర కట్టిన యామె దుబారామనిషి యనియు, నూలుచీర కట్టిన యామె పొదుపరి యనియు చెప్పుట సులభము. ఆ పట్టుచీర యిరువది యేండ్లనుండి పెండ్లిండ్లకు మాత్రమే పెట్టెలోనుండి పైకి వచ్చుచున్నదనియు, ఆ నూలుచీరలు నెలకు నాలుగేసి కొనబడుచున్నవనియు విచారించువారు తక్కువ. చీరల విషయమున నీ పొరపాటు నవ్వి యూరకుండదగినదే. కాని లోకమున కంతటికిని సంబంధించిన యింధనము విషయమున నిదే పొరపాటు జరిగినచో దాని ఫలము చిన్నది కాదు.

ఈ విచారమునకు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని పాత స్పోర్టు యుటిలిటీ వాహనములు, అనగా ఎస్.యు.వీ.లని పిలువబడు ఎత్తైన పెద్ద కార్లు, మంచి దృష్టాంతముగా నున్నవి. 1980 తరువాతను 1990 తరువాతను తయారైన యిట్టి బండ్లలో పెక్కు గాలను పెట్రోలుకు 15, 16 మైళ్ళకంటె నెక్కువ నడువవు. అమెరికా గాలను సుమారు 3.8 లీటర్లు, కావున మన లెక్కలో నిది లీటరుకు 6, 7 కిలోమీటర్ల నడుమనున్నది. ఇట్టి బండిని ఇంట నుంచుకొనుట ధర్మమా? దానిని విడిచి పెట్రోలు తక్కువ త్రాగు క్రొత్తబండిని కొనుట ధర్మమా? టెక్సాసు, న్యూజెర్సీ, కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములలో కాపురములు పెట్టిన తెలుగు కుటుంబములు వేలకొలది యుండుటచేత నిది మనకు బొత్తిగా పరాయి ప్రశ్న కాదు. అచ్చట పెక్కుచోట్ల కారు లేనిదే కూరగాయలు తెచ్చుకొనుటయు సాధ్యము కాదు. కావున నీ ప్రశ్న విలాసమునకు సంబంధించినది కాక నిత్యజీవనమునకు సంబంధించినదై యున్నది.

తీర్పునకు ముందు చరిత్ర కొంత తెలియవలెను. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు పంపుట నిలిపివేసెను. 1974 మార్చి వఱకు సాగిన ఆ నిషేధము వలన పెట్రోలు అంగళ్ళయెదుట కార్లు బారులు తీరెను. చమురు తరుగని నిధి కాదని ఆ దేశ ప్రజలకు మొదటిసారి గట్టిగా బోధపడినది. 1974 జనవరిలో రహదారులపై గంటకు 55 మైళ్ళకు మించరాదని కట్టుబాటు వచ్చెను. 1975 డిసెంబరులో నొక శాసనము పుట్టి, కార్లు తయారుచేయువారు తాము అమ్మిన కార్లన్నిటి సగటున 1985 నాటికి గాలనుకు 27.5 మైళ్ళు సాధింపవలెనని విధించెను. శాసనకర్తల యుద్దేశము మంచిదే. కాని రైతులు, వడ్రంగులు, కళాసీలు పనికి వాడుకొను చిన్న ట్రక్కులపై కార్లతోపాటు భారము మోపుట న్యాయము కాదని తలచి, వానికి వేఱుగా తేలికైన కట్టడి నేర్పఱచిరి. 1978లో పెట్రోలు మిక్కుటముగా త్రాగు కార్లపై విధించిన ప్రత్యేక పన్నునుండియు ట్రక్కులు తప్పించుకొనెను.

ఈ సందునుండియే ఎస్.యు.వీ. వృద్ధిపొందినది. 1984 నాటి జీపు చెరోకీ, 1990లో వెలువడిన ఫోర్డు ఎక్స్‌ప్లోరరు మొదలగునవి పిల్లలను బడికి దింపుటకును, సంసారమునకు సామాను తెచ్చుటకును వాడబడిన బండ్లే. అయినను చట్టముదృష్టిలో నవి ట్రక్కులు. 1996 మొదలు 2004 వఱకు ట్రక్కులకు విధించిన సగటు 20.7 మైళ్ళు మాత్రమే. సరకుతోగూడ 8,500 పౌనులకు మించి తూగు మిక్కిలి పెద్ద బండ్లకు ఆనాడు ఆ మాత్రపు కట్టడియు లేదు. రైతుకొఱకు తెఱచిన తలుపునుండి పట్టణపు సంసారియు, వానికి బండి యమ్మువాడును దూరివచ్చిరి. ఫలితమేమనగా, ఆ దేశమున నమ్ముడైన క్రొత్త కార్లు, చిన్న ట్రక్కులు అన్నిటి సగటు 1987లో గాలనుకు 22 మైళ్ళుండగా 2004 నాటికి 19.3కు దిగజారెను. ఆ పదునేడేండ్లలో ఇంజనీర్లు నిద్రపోలేదు. ఇంధనమును సన్నగా చిమ్ము పరికరములు, కంప్యూటరుచే నడుపబడు ఇంజనులు, మేలైన గేరుపెట్టెలు అన్నియు ఆ కాలముననే వాడుకలోనికి వచ్చెను. కాని వారి నేర్పువలన కలిగిన లాభమంతయు బండి బరువును పెంచుటకును, బలమును పెంచుటకును కర్చైపోయినది. జీతము పెరిగినకొలదిని అప్పు పెరుగు సంసారము వంటిదే యిదియు.

పాత ఎస్.యు.వీ. ఏల యింత పెట్రోలు త్రాగును? బరువు మొదటి కారణము. అట్టి బండి రెండు టన్నులకు దగ్గఱగా తూగును. నగరములో నిలిచి కదలినప్పుడెల్ల ఆ బరువునంతటిని మరల వేగమునకు దేవలెను, బ్రేకు త్రొక్కినప్పుడెల్ల ఆ శ్రమయంతయు వేడియై గాలిలో గలియును. రెండవది యాకారము. ఎత్తుగా, వెడల్పుగా, పెట్టెవలె నుండు ముఖము గాలిని చీల్చుకొని పోలేక నెట్టుకొని పోవును. గాలి యడ్డగించు బలము వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. గంటకు 55 మైళ్ళ వేగమునుండి 75 మైళ్ళకు పోయినచో నా యడ్డంకి యించుమించు రెట్టింపగుటకు దగ్గఱపడును. మూడవది, నాలుగు చక్రములను త్రిప్పుటకై యమర్చిన యదనపు గేర్లు, ఇరుసులు. బురదలోను మంచులోను అవి యుపకరించునుగాని, బురద యెఱుగని తారురోడ్డుమీదను వాని బరువును వాని రాపిడిని మోయక తప్పదు. ఈ మూడింటికిని తోడు వయస్సువలన గలుగు లోపములు చేరును.

ఇక ధర్మప్రశ్నకు వత్తము. ఈ విషయమున లోకములో రెండు తీర్పులు వినవచ్చుచున్నవి. “నా కష్టార్జితముతో నేను పెట్రోలు కొనుచున్నాను, ఎంత కాల్చిన నడుగుట కితరులెవ్వరు?” అని యొకరందురు. “అట్టి బండి యింట నుంచుకొనుటయే పాపము, దానిని తుక్కుక్రింద నమ్మి క్రొత్తది కొన్ననే గాని సత్పౌరులు కానేరరు” అని మఱియొకరందురు. రెండును సత్యములో సగము సగమే చెప్పుచున్నవని మా యభిప్రాయము.

మొదటి వాదమును చూతము. రైతు నీటితీరువ చెల్లించినంతమాత్రమున రాత్రియంతయు తూము తెఱచియుంచి చెఱువు ఖాళీచేయుట కధికారము కలుగునా? తీరువ తన పొలమునకు కావలసిన నీటికి వెలయే గాని, దిగువ పొలమువాని నోటిలోని ముద్దకు వెల కాదు. పెట్రోలును అట్టిదే. గాలను పెట్రోలు మూడు కిలోలైన తూగదు. కాని యది కాలునప్పుడు గాలిలోని ప్రాణవాయువుతో గూడి సుమారు 8.9 కిలోల బొగ్గుపులుసు వాయువుగా మాఱును. గాలనుకు 15 మైళ్ళు నడచు బండి సంవత్సరమున 10,000 మైళ్ళు తిరిగినచో 667 గాలనులు కాల్చి యించుమించు 6 టన్నుల బొగ్గుపులుసు వాయువును ఆకాశమునకు వదలుచున్నది. భూమి వేడెక్కుటకు ముఖ్యకారణమైన యా వాయువు, వదలినవాని పెరటిలో నిలిచియుండునది కాదు. అది మన గోదావరి రైతు మీదను, ఇంకను పుట్టని పసివాని మీదను సమముగా వ్యాపించును. పెట్రోలు అంగడిలో చెల్లించిన వెలలో వారి భాగము చేరలేదు. కావున “నా సొమ్ము నా యిష్టము” అను మాట యిచ్చట నిలువదు.

రెండవ వాదము చదువుకొన్నవారికి ప్రియమైనది. కావున దానిని మఱింత జాగ్రత్తగా పరీక్షింపవలెను. ఒక వృద్ధదంపతుల యింట గాలనుకు 15 మైళ్ళు నడచు పాతబండి యున్నదనుకొందము. వారు వారమున కొకమాఱు అంగడికిని, అప్పుడప్పుడు వైద్యుని యొద్దకును పోయి సంవత్సరమున 2,000 మైళ్ళు తిరుగుదురు. వారి కర్చు 133 గాలనులు. ప్రక్కయింటి గృహస్థుడు గాలనుకు 30 మైళ్ళు నడచు క్రొత్తకారు కొని, పనికి దూరమైన చోట ఇల్లు కట్టుకొని, సంవత్సరమున 15,000 మైళ్ళు తిరుగుచున్నాడు. ఆయన కర్చు 500 గాలనులు. వీధిలో పోవువారు ఆ వృద్ధుల బండిని జూచి ముఖము చిట్లింతురు; ప్రక్కయింటివానిని జూచి మెచ్చుకొందురు. కాని యా మెప్పుపొందినవాడు ఆ వృద్ధులకంటె మూడురెట్లకు పైగా నధికముగా ఇంధనమును కాల్చుచున్నాడు. ఎన్ని మైళ్ళు నడచునన్నది బండి గుణము. ఎంత కాలినదన్నది మనుష్యుని నడవడి. ధర్మము అడుగునది రెండవదానిని.

ఆ వృద్ధులు కూడ క్రొత్తకారు కొన్నచో మేలు కలుగదా యని యడుగవచ్చును. క్రొత్తకారు ఆకాశమునుండి ఊడిపడదు. ఇనుము, అల్యూమినియము, గాజు, రబ్బరు, ప్లాస్టిక్కు కరగించి పోతపోసి చేయుటలోనే టన్నులకొలది బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఉదాహరణకు దానిని 6 టన్నులనుకొందము. వృద్ధులు 30 మైళ్ళ కారునకు మాఱినచో వారికి కలిసివచ్చునది ఏడాదికి సుమారు 67 గాలనులు, అనగా 0.6 టన్ను. తయారీఋణము తీరుటకే పదియేండ్లు పట్టును. అదే 15,000 మైళ్ళు తిరుగువారు పాతబండినుండి అట్టి కారునకు మాఱినచో ఏడాదికి 500 గాలనులు, అనగా నాలుగున్నర టన్నుల వఱకు కలిసివచ్చును. ఋణము ఏడాదిన్నరలోపలనే తీరును. కావున నొకే బండిని విడుచుట ఒకరికి ధర్మము, మఱియొకరికి వ్యర్థము. బండిని మాత్రము చూచి తీర్పు చెప్పువాని కీ భేదము కనబడదు.

ఈ లెక్కలో నింకొక చిక్కు కలదు. గాలనుకు ఎన్ని మైళ్ళు అను లెక్క మనస్సును మోసగించును. 12 మైళ్ళ బండిని విడిచి 15 మైళ్ళ బండిని కొనుట యల్పముగాను, 30 మైళ్ళ కారును విడిచి 40 మైళ్ళ కారును కొనుట ఘనముగాను తోచును. లెక్కకట్టి చూడుడు. 10,000 మైళ్ళకు మొదటిదానివలన మిగులునది 166 గాలనులు. రెండవదానివలన 83 మాత్రమే. డ్యూకు విశ్వవిద్యాలయమునకు చెందిన లారిక్, సోల్ అను పండితులు 2008లో ‘సైన్స్’ పత్రికయందీ భ్రమను విశదపఱచిరి. 2013 నమూనాలు మొదలుకొని అమెరికాలో క్రొత్తకార్లపై నంటించు చీటీలలో 100 మైళ్ళకు ఎన్ని గాలనులు అను లెక్కయు చేర్చబడినది. దీనినిబట్టి మిక్కిలి దాహముగల బండి విషయమున కొంచెము జాగ్రత్తయు పెద్ద ఫలము నిచ్చునని తెలియుచున్నది. పాతబండిగలవారు నిరాశపడ నక్కఱలేదు. వారు చేయగల పొదుపే యెక్కువ.

వస్తువును జూచి తీర్పు చెప్పుట ప్రభుత్వములకును అలవాటే. 2009 వేసవిలో అమెరికా ప్రభుత్వము పాతబండ్లకు రొక్కమిచ్చు పథకము నొకదానిని నడపెను. గాలనుకు 18 మైళ్ళకు మించి నడువని బండిని అప్పగించి మేలైన క్రొత్తబండి కొనువారికి 3,500 గాని 4,500 గాని డాలర్ల సహాయము చేసిరి. 300 కోట్ల డాలర్లు కర్చయ్యెను. సుమారు 6,77,000 బండ్లు మాఱెను. అప్పగింపబడిన వానిలో ఫోర్డు ఎక్స్‌ప్లోరరు, జీపు గ్రాండు చెరోకీవంటి ఎస్.యు.వీ.లు విస్తారముగా నుండెను. వాని సగటు 15.8 మైళ్ళు, వానికి బదులు కొన్నవాని సగటు 24.9 మైళ్ళు. ఈ యభివృద్ధి నిజమే. దానిని చిన్నచూపు చూడరాదు. అప్పటి ఆర్థికమాంద్యములో కార్ల వ్యాపారమును లేవనెత్తుటయు నా పథకపు టుద్దేశములలో నొకటి. కాని తీసికొన్న బండి యేడాదికి 2,000 మైళ్ళు తిరుగునదా, 20,000 మైళ్ళు తిరుగునదా యను ప్రశ్న సహాయమునకు ప్రమాణము కాలేదు. ఇంజనులో సోడియము సిలికేటు ద్రావకమును పోసి, అది గట్టిపడి ఇంజను శాశ్వతముగా బిగిసిపోవువఱకు నడపిరి. మరమ్మతుచేసి యింకను వాడుకొనదగిన ఇంజనులును వానిలోనుండెను.

మన దేశమునను ఇట్టి తీర్పు జరిగినది. 2015లో జాతీయ హరిత ధర్మాసనము ఢిల్లీ ప్రాంతమున పదియేండ్లు దాటిన డీజిలు బండ్లును, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లును తిరుగరాదని యాజ్ఞాపించెను. 2018లో సర్వోన్నత న్యాయస్థానము దానిని బలపఱచెను. 2025లో నదే న్యాయస్థానము మరల పరిశీలించి కొంత సడలించెను. ఊపిరి తిత్తులను కాపాడవలెనన్న యా తలంపు గౌరవింపదగినదే. కాని పుట్టినతేది యొక్కటే బండి గుణమును తెలుపజాలదు. జాగ్రత్తగా నడపి, అరుదుగా వాడిన పదునాఱేండ్ల బండియు, నిర్లక్ష్యముచే ఆఱేండ్లకే పొగ గ్రక్కు బండియు లోకమున గలవు.

పేదల మాటయు చెప్పవలెను. క్రొత్తబండి కొనువారు పాతదానిని అమ్మి చేతులు కడుగుకొందురు. కాని యమ్మిన బండి యాగిపోదు. అది కూలిపని చేసికొనువాని యింటికి చేరును. తక్కువ వెలకు దొరకినదని వాడు కొనును. పనికి ముప్పది మైళ్ళు పోవలసివచ్చి దినదినమును పెట్రోలునకు కూలిలో కొంత సమర్పించుకొనును. అమెరికాలో 1998 ప్రాంతమున గాలను వెల డాలరునకు అటునిటుగా నుండెను. 2008 జూలైలో నాలుగు డాలర్లు దాటెను. అట్టి హెచ్చు కలవానికి చికాకు, లేనివానికి పస్తు. వారమునకు రెండుమాఱులు బండి తీయువాడు పొదుపైన క్రొత్తబండిని కొని, తన పాతబండిని దినమునకు అఱువది మైళ్ళు తిరుగువాని కమ్మినచో మొత్తముమీద పొదుపు జరిగినదా? దోషము చేతులు మాఱినది, పెరిగియు నుండును. పేదవానిని జూచి “ఇట్టి బండి యేల నడపుచున్నావు?” అని నిందించుట యధర్మము. ట్రక్కుల సందును ముప్పదియేండ్లు తెఱచియుంచినవారును, ఆ సందులోనుండి లాభము గడించినవారును, బస్సులు లేని ఊళ్ళు కట్టినవారును ఆ నిందలో మొదటి పాలు పంచుకొనవలెను.

అట్లని పాతబండిగలవానికి కర్తవ్యము లేకపోలేదు. ఉంచుకొనుట యొప్పైనచో, జాగ్రత్తగా నుంచుకొనుట విధియగును. టైర్లలో గాలి తగినంత యుండవలెను; చదరపుటంగుళమునకు ఒక పౌను తగ్గినచో సుమారు 0.2 శాతము ఇంధనము వృథాయగును. ఇది యల్పముగా తోచినను పది పౌనులు తగ్గినచో 2 శాతము. టైర్ల అరుగుదలయు ప్రమాదమును దానికి తోడు. పండుగ ప్రయాణమునకు కప్పుమీద బిగించిన పెద్ద సామానుపెట్టెను తిరిగివచ్చిన వెంటనే దింపవలెను. పెద్దరహదారి వేగములలో అది 10 మొదలు 25 శాతము వఱకు నష్టము గలిగించును. బండి నిలిపియుంచి ఇంజను నడుపుచుండినచో గంటకు పావు గాలను మొదలు అర గాలను వఱకు ఒక్క మైలైన పోకుండనే కాలిపోవును. ఇంధనమునకు గాలి తగుపాళ్ళలో కలియుచున్నదో లేదో కనిపెట్టు ఆక్సిజను సెన్సరు చెడినచో 40 శాతము వఱకు నష్టము కలుగవచ్చును; హెచ్చరికదీపము వెలిగినను చూడనట్లు తిరుగువారు నష్టపోవునది దానివలననే. థర్మోస్టాటు తెఱచుకొనియే పోయినచో ఇంజను తగినంత వేడెక్కక పెట్రోలు నెక్కువగా పీల్చును. బ్రేకు పట్టి విడువనిచో బండి తన్ను తానే వెనుకకు లాగుకొనును.

తెలిసి చేయవలసినవానితోపాటు నమ్మరానివియు గలవు. కార్బురేటరు గల పాత ఇంజనులలో గాలివడపోత మూసికొనిపోయినచో పెట్రోలు కర్చు పెరుగును. కంప్యూటరుచే నడుచు తరువాతి ఇంజనులలో దానివలన బలము తగ్గునుగాని పెట్రోలు కర్చంతగా మాఱదు. గొట్టమునకు బిగించిన యయస్కాంతములు, ట్యాంకులో వేయు మాత్రలు, గాలిని సుడులు త్రిప్పు బిళ్ళలు మొదలగు పెట్రోలు మిగిల్చు సాధనములు విస్తారముగా నమ్ముడగుచున్నవి. అమెరికా పర్యావరణ సంరక్షణసంస్థ నూటికి పైగా నిట్టివానిని పరీక్షించి, చెప్పుకోదగిన మేలు చేయునది కనుగొనలేదు. తాయెత్తు కట్టి జ్వరము పోగొట్టుకొనగోరువారిని జూచి నవ్వు చదువుకొన్నవారు తమ బండికి తాయెత్తు కట్టుట శోచనీయము. వేగము తగ్గించుటకు వెల లేదు. దానిని కొననక్కఱలేదు గనుకనే కాబోలు దానిపై నంతగా నమ్మకము కుదురదు.

పొదుపైన యంత్రమును నమ్ముకొన్నవారు మఱియొక మాట యాలోచింపవలెను. ఇంగ్లండులో విలియము స్టాన్లీ జెవన్సు 1865లో బొగ్గు విషయమై వ్రాసిన గ్రంథమున నొక వింతను చూపెను. వాటు తయారుచేసిన ఆవిరియంత్రము పూర్వపు యంత్రములకంటె తక్కువ బొగ్గుతో పనిచేసెను. అయినను దేశమున బొగ్గు వాడుక తగ్గుటకు మాఱుగా పెరిగెను. పని చౌకయగుటచే దానిని క్రొత్త క్రొత్త పనులకు వినియోగించిరి. కార్ల విషయమున నీ నియమము అంత పూర్తిగా వర్తింపదు. పొదుపైన కారు కొన్నవాడు మిగిలిన పెట్రోలునంతటిని అదనపు తిరుగుటలో కాల్చివేయడు, కొంత మాత్రమే కాల్చును. కాని “నా కారు తక్కువ త్రాగును గదా” యని మైలు దూరమునకును దానిని తీయువారిని మనమెఱుగుదుము. 1987 తరువాత ఇంజనీర్ల నేర్పును బండి బరువు మ్రింగినట్లే, కారు మితమును కోరిక మ్రింగగలదు. యంత్రము పొదుపునకు అవకాశ మిచ్చును. పొదుపు చేయవలసినవాడు మనుష్యుడే.

మేము పాతబండికి వకాలతు పుచ్చుకొనుట లేదు. ఇంధనమే ధర్మమునకు ఏకైకప్రమాణము కాదు. పాత ఇంజను వదలు విషవాయువులు ప్రక్కనున్న పసివాని ఊపిరిలోనికి పోవును. తక్కువగా తిరిగినను పొగ గ్రక్కు బండి ఆ వీధివారికి హాని చేయును. ఎత్తైన బండి మలుపులలో తలక్రిందులగు భయము హెచ్చు. దానిని తగ్గించు స్థిరతాయంత్రము అమెరికాలో 2012 నమూనాలనుండి గాని యన్ని కార్లకును నిర్బంధము కాలేదు. కావున ప్రాయపు బిడ్డకు తాత బండిని బహుమానముగా నిచ్చువారు పెట్రోలు లెక్కతో తృప్తిపడరాదు. పొదుపు పేరుతో ప్రాణమును పణముగా పెట్టుట పొదుపు కానేరదు.

ఇంతకును గృహస్థులు చేయవలసినదేమి? బండిని గుఱించి ప్రశ్నించుటకు ముందు తమ్ము తాము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. సంవత్సరమున మనము ఎన్ని మైళ్ళు తిరుగుచున్నాము? వానిలో తిరుగక తప్పనివి యెన్ని? తప్పని మైళ్ళకు ఇంత పెద్ద బండి కావలయునా? దూరము హెచ్చైనచో, దాహముగల బండిని విడుచుట ధర్మము. అది యెంత ప్రియమైనదైనను విడువవలెను. దూరము తక్కువయై, బండి యితరులకు అపాయకరము కానిచో, దానిని చక్కగా నుంచుకొని తక్కువగా నడపుట ధర్మము. వీధివారి చిట్లింపునకు వెఱవ నక్కఱలేదు. బియ్యమునకు, పాలకు నెలలెక్క వ్రాయు యింట పెట్రోలునకును ఒక పద్దు తెఱువుడు. గాలనుకు మైళ్ళెన్నియో దానిలో వ్రాయకుడు. నెలకు గాలను లెన్నియో వ్రాయుడు. సొంతదేశమున స్కూటరో కారో గలవారు లీటర్లలో వ్రాసికొన్న చాలును. ఆ పద్దు మూడునెలలు నడచినచో, ఏ ప్రయాణము అవసరమైనదో యేది యలవాటైనదో దానంతటదియే తెలిసిపోవును.

వస్తువులను పుణ్యవస్తువులు, పాపవస్తువులు అని విభజించి, పుణ్యవస్తువును కొన్నంతమాత్రమున పుణ్యము దక్కునని నమ్ముట మన సమాజమున చిరకాలముగా నున్న జాడ్యము. సంస్కారమును గోరు మనము, ఆ జాడ్యమును దేవాలయమునుండి తఱిమి కార్ల యంగడిలో ప్రతిష్ఠింపరాదు. మితవ్యయము అమ్మకమునకు దొరకు సరకు కాదు. అది మన దినచర్యలో నుండవలెను. అచ్చట లేనిచో నెంత క్రొత్తబండి కొన్నను దానిని తేజాలము.